రక్షకమా, భక్షకమా? – హైదరాబాదు పాతనగర పత్రాలు, ఛాయాచిత్రాల నిల్వ సామగ్రిపై ఒక వాదం

వ్యాస సంగ్రహం: పాత పత్రాలనూ ఛాయాచిత్రాలనూ కాపాడడానికి మనం కొనే కవర్లు, అట్టపెట్టెలు, ఆల్బములు, జిగుర్లే చాలా సందర్భాల్లో వాటి నాశనానికి కారణమవుతున్నాయి. ‘ఆర్కైవల్’, ‘ఆమ్లరహితం’ అనే ముద్రలు పరీక్షకు ప్రత్యామ్నాయం కావు. నిల్వ సామగ్రి ఎంపిక గుమాస్తా పని కాదనీ, అది గ్రంథ పరిష్కరణలో అంతర్భాగమనీ, దాని బాధ్యత పరిశోధకులపై ఉందనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలకపదాలు: వ్రాతప్రతులు, పాతనగరం, క్షార నిల్వ, లామినేషన్, ఛాయాచిత్ర పరిరక్షణ

ఉపోద్ఘాతం

వ్రాతప్రతి అనగానే తెలుగు పరిశోధకుడికి పాఠాంతరాలు స్ఫురిస్తాయి. ఏ ప్రతి ప్రాచీనం, లేఖకుడు ఎక్కడ పొరబడ్డాడు, ఏ పద్యం ప్రక్షిప్తం అన్న ప్రశ్నలపై మన విశ్వవిద్యాలయాల్లో ఎన్నో సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. అదే ప్రతిని చుట్టిన కవరు ఏ పదార్థంతో తయారైంది, దాన్ని ఉంచిన అట్టపెట్టెలో ఆమ్లం ఎంత, చిరుగుకు అతికించిన టేపు ఇరవై ఏళ్ల తరువాత ఏమవుతుంది అన్న ప్రశ్నలను మాత్రం మనం స్టోర్సు విభాగానికి వదిలేశాం. అక్షరం మన శాస్త్రం, అట్టపెట్టె గుమాస్తా వ్యవహారం అన్నట్లు ప్రవర్తిస్తున్నాం.

ఈ విభజన తప్పని నా వాదన. ఆధారం లేనిచోట పాఠ నిర్ణయం లేదు. ఆధారం నిలిచేదీ నశించేదీ అది తాకి ఉన్న వస్తువును బట్టి. ఒక పత్రం మనిషి చేతిలో ఏడాదికి ఒక గంట ఉంటే మిగిలిన కాలమంతా ఏదో ఒక కవరుతో, అట్టతో, గుడ్డతో అంటుకునే ఉంటుంది. కాబట్టి ఆ కవరు ఎంపిక కూడా పరిష్కర్త బాధ్యతే. ఈ వాదానికి హైదరాబాదు పాతనగరాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. చేతి కాగితం, యంత్రపు కాగితం, ఛాయాచిత్రం, నీలి నకలు – ఈ నాలుగూ ఒకే నగరంలో, ఒకే వాతావరణంలో ఎలా నిలిచాయో, ఎలా నలిగాయో చూడడానికి ఇంతకన్నా తగిన చోటు తెలుగు నేల మీద అరుదు.

పాతనగరపు కాగితాలు

అసఫ్‌జాహీ పాలనలో కాగితమే రాజ్యాన్ని నడిపింది. దఫ్తరే దీవానీ, దఫ్తరే మాల్ వంటి కార్యాలయాల పత్రాలు తరువాతి కాలంలో రాష్ట్ర అభిలేఖాగారానికి పునాది అయ్యాయి. ఇప్పుడు తార్నాకలో ఉన్న ఆ అభిలేఖాగారంలో షాజహాన్, ఔరంగజేబు కాలాల నాటి పారసీ పత్రాలు లక్షకు పైగా ఉన్నాయి. మూడు శతాబ్దాలు దాటిన ఆ పత్రాలతో 1950 ప్రాంతపు తెలుగు వారపత్రికను పోల్చి చూస్తే చిత్రమైన విషయం బోధపడుతుంది. వయసులో చిన్నదైన పత్రిక మడత పెడితే విరుగుతుంది. ఎంతో పెద్దదైన పత్రం ఇంకా మడతకు లొంగుతుంది.

దీనికి కారణం తయారీలో ఉంది. దౌలతాబాదు సమీపంలోని కాగజీపురలోనూ, మన కోరుట్లలోనూ తయారైన చేతి కాగితం పాత గుడ్డపీలికలు, నారల గుజ్జుతో చేసినది. ఆ నారలు పొడవైనవి, దృఢమైనవి. దాని మీద వ్రాసిన సిరా ప్రధానంగా మసితో చేసినది కాబట్టి కాగితాన్ని తినదు. పంతొమ్మిదో శతాబ్దంలో రెండు మార్పులు వచ్చాయి. సిరా పాకకుండా కాగితానికి పటిక, రోజిన్ కలిపి పట్టించే పద్ధతి ప్రబలింది. గుడ్డపీలికల స్థానంలో కలపగుజ్జు వచ్చింది. పటిక తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. కలపలోని లిగ్నిన్ వెలుతురుకూ గాలికీ పసుపుబారి మరింత ఆమ్లాన్ని చేరుస్తుంది. ఆ ఆమ్లం నారలోని సెల్యులోజు గొలుసులను ఒక్కొక్కటిగా తెంచుతుంది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచిక కూడా ఈ యంత్రపు కాగితపు యుగానికి చెందినదే. ఒక జాతి తన ఉనికికి చూపిన సాక్ష్యం ఇంత పెళుసైన వస్తువు మీద ఆధారపడి ఉంది.

ఇక్కడ గ్రహించవలసిన అంశం ఒకటుంది. ఆమ్లం కాగితం నుంచి కాగితానికి పాకుతుంది. కలపగుజ్జు అట్టపెట్టెలో పెట్టిన షాజహాన్ కాలపు సనదు, తనలో లేని రోగాన్ని పెట్టె నుంచి తెచ్చుకుంటుంది. మూడు వందల ఏళ్లు ఆరోగ్యంగా ఉన్న పత్రం మన ‘సంరక్షణ’లోకి వచ్చిన ముప్పై ఏళ్లలో అంచుల వెంట గోధుమరంగుకు తిరిగితే ఆ నేరం కాలానిది కాదు.

‘ఆర్కైవల్’ అనే మాట విలువ ఎంత?

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ దాటి మదీనా, పత్తర్‌గట్టీ వైపు వస్తే స్టేషనరీ దుకాణాలు, పెళ్లి పత్రికలు అచ్చువేసే ఛత్తాబజారు ముద్రణాలయాలు, అట్ట కోసి పెట్టెలు కట్టే పనివారు అడుగడుగునా కనిపిస్తారు. ఇప్పుడు ఈ బజారులోనూ, ప్రభుత్వ కొనుగోలు వేదికల మీదా ‘ఆర్కైవల్’, ‘యాసిడ్ ఫ్రీ’, ‘ఫొటో సేఫ్’ అని అచ్చువేసిన సరుకు దొరుకుతోంది. ఈ మాటలకు చట్టబద్ధమైన నిర్వచనం లేదు. ఎవరైనా దేని మీదైనా అచ్చు వేసుకోవచ్చు. అమ్మేవాడిని తప్పు పట్టి ప్రయోజనం లేదు. కొనేవాడు ఏమి అడగాలో తెలియక ఆ మాటను నమ్మడమే అసలు సమస్య.

నిర్వచనం కావాలంటే ఉంది. శాశ్వత కాగితానికి సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9706 కొన్ని కొలతలు చెబుతుంది. కాగితం పీహెచ్ 7.5కూ 10కీ మధ్య ఉండాలి. బయటి నుంచి వచ్చే ఆమ్లాన్ని పీల్చుకోవడానికి కనీసం 2 శాతం కాల్షియం కార్బొనేటుకు సమానమైన క్షార నిల్వ ఉండాలి. లిగ్నిన్ వంటి సులభంగా ఆక్సీకరణ చెందే పదార్థాన్ని తెలిపే కప్పా సంఖ్య 5 కన్నా తక్కువ ఉండాలి. చినుగుడుకు తగిన నిరోధం ఉండాలి. ఇవి అంకెలు. అంకెను పరీక్షించవచ్చు, తేలకపోతే సరుకును తిప్పి పంపవచ్చు. ‘ఆర్కైవల్’ అనే విశేషణాన్ని ఎవరూ తిప్పి పంపలేరు.

‘ఆమ్లరహితం’ అన్న మాటలో ఇంకో వల ఉంది. నాసిరకం కలపగుజ్జు అట్టలో సుద్దపొడి దండిగా కలిపితే ఈనాటికి దాని పీహెచ్ క్షారం వైపే చూపిస్తుంది. పరీక్ష కలంతో గీత గీస్తే ఊదారంగే వస్తుంది. లోపలి లిగ్నిన్ మాత్రం అలాగే ఉండి సంవత్సరాల తరబడి ఆమ్లాన్ని పుట్టిస్తూ, చివరకు ఆ సుద్దను హరిస్తుంది. అందువల్ల గీత పై పొర మీద మాత్రమే గీసి సంతృప్తి పడకూడదు. అట్టను చింపి లోపలి పొర మీద గీయాలి. లిగ్నిన్ ఉనికిని ఫ్లోరోగ్లూసినాల్ ద్రావణం ఎర్రటి మరకతో బయటపెడుతుంది. ఈ రెండు పరీక్షలకూ ఏ కళాశాల రసాయన ప్రయోగశాలైనా సరిపోతుంది.

ప్లాస్టిక్ విషయంలో అజ్ఞానం ఇంకా ఖరీదైనది. మెత్తగా, నిగనిగలాడుతూ, ఘాటైన వాసన వేసే కవర్లు చాలావరకు పీవీసీవి. వేడికి పీవీసీ నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడుతుంది. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనె వంటి పదార్థం పైకి ఉబికి సిరానూ, జెరాక్సు అక్షరాలనూ కవరుకు అంటిస్తుంది. హైదరాబాదు వేసవిలో 40 డిగ్రీలు దాటే గదుల్లో ఈ చర్య వేగం పుంజుకుంటుంది. దీన్ని గుర్తించడానికి పాత పరీక్ష ఒకటుంది. ఎర్రగా కాల్చిన రాగి తీగను కవరు ముక్కకు తాకించి, గాలి ధారాళంగా ఉన్నచోట మళ్లీ మంటలో పెడితే, క్లోరిన్ ఉన్నప్పుడు మంట ఆకుపచ్చగా మారుతుంది. పూతలు లేని పాలియెస్టరు, పాలిప్రొపిలీన్, పాలిఇథిలీన్ కవర్లు ఈ దోషం లేనివి. ధరలో భేదం ఉన్నా, పోయే పత్రంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

ఛాయాచిత్రం కాగితం వంటిది కాదు

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) పేరు వినని హైదరాబాదీ ఉండడు. ఆయన స్టూడియోకు చెందిన 2,857 గాజు నెగెటివ్‌లు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. దర్బారులు, దేవిడీలు, బారాదరీలు ఎలా ఉండేవో చెప్పే సాక్ష్యాలలో అధిక భాగం ఇలాంటి గాజు పలకల మీద, గుడ్డుసొన పూత పూసిన పలుచని కాగితాల మీద ఉంది. పాతనగరపు కుటుంబాలలో ఇంకా ఎన్నో చిత్రాలు ట్రంకు పెట్టెల్లో, జిగురు పూసిన పుటల మీద ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బముల్లో ఉన్నాయి. వీటిని కొలిచే వ్రాతప్రతుల కొలబద్ద చాలదు.

నలుపు తెలుపు చిత్రంలోని ప్రతిబింబం అతి సూక్ష్మమైన వెండి రేణువుల కూర్పు. ఇంటి వెండి గ్లాసు నల్లబడినట్లే ఆ వెండీ గంధకానికీ, ఆక్సీకరణ వాయువులకూ లోబడుతుంది. రబ్బరు బ్యాండులో గంధకం ఉంది. కొన్ని జిగుర్లలో, కొన్ని రంగు అట్టల్లో వెండికి పడని పదార్థాలు ఉన్నాయి. ఆమ్లం లేని, లిగ్నిన్ లేని నల్ల ఆల్బము కాగితం కూడా దానికి పట్టించిన రంగు వల్ల చిత్రాన్ని పాడుచేయవచ్చు. కాబట్టి పీహెచ్ ఒక్కటి చూసి ‘ఫొటో సేఫ్’ అనడం అశాస్త్రీయం.

దీనికి విడిగా ఒక పరీక్ష ఉంది. ఐఎస్ఓ 18916 ప్రమాణంగా గుర్తింపు పొందిన ‘ఫొటోగ్రాఫిక్ యాక్టివిటీ టెస్ట్’ అది. కవరు ముక్కను వెండి పొర గల ఒక సూచికతోనూ, జిలాటిన్ మరకలను చూపే మరొక సూచికతోనూ కలిపి, 70 డిగ్రీల వేడిలో, 86 శాతం తేమలో 15 రోజులు ఉంచి, రంగు మార్పును కొలుస్తారు. ఈ పరీక్షలో నెగ్గిన సరుకుకు తయారీదారు ధృవపత్రం ఇవ్వగలడు. అది చూపమని అడిగే సంస్థలు మన దగ్గర ఎన్ని?

క్షార నిల్వ అన్నిచోట్లా మేలనుకోవడం కూడా పొరపాటే. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత నగర రూపురేఖలు మారాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ తరం ఇంజనీరింగు పటాలకు వాడుకలో ఉన్న నకలు నీలి నకలు. నీలి నకలులోని ప్రష్యన్ నీలం క్షారానికి వెలిసిపోతుంది. సనదుకు అమృతమైన క్షార కవరు నీలి నకలుకు విషం. దానికి క్షారం కలపని, తటస్థమైన కాగితమే తగినది. ఇదంతా తెలియకుండా ‘అన్ని రికార్డులకూ ఒకే రకం కవర్లు’ అని ఒక్క వరుసలో కొనుగోలు పత్రం వ్రాయడం, రోగి ఎవరో చూడకుండా అందరికీ ఒకే మాత్ర ఇవ్వడమే.

లామినేషన్ అనే సమాధి

పాతనగరంలో న్యాయస్థానాల పరిసరాల్లో, జెరాక్సు దుకాణాల్లో లామినేషన్ యంత్రం లేని చోటు ఉండదు. నికానామా, ఇనాము పత్రం, పాత సేల్ డీడు – ఏది చేతికొచ్చినా రెండు ప్లాస్టిక్ పొరల మధ్య వేడితో అతికించి ‘ఇక శాశ్వతం’ అంటారు. ఆ వేడి పత్రానికి చేటు. కరిగిన జిగురు నారలోకి దిగుతుంది. లోపల ఆమ్లం ఉంటే అది అక్కడే బందీ అవుతుంది. తిరిగి విడదీయడం దాదాపు అసాధ్యం. పరిరక్షణ శాస్త్రంలో మొదటి సూత్రం, చేసిన పనిని తిరిగి విప్పగలగడం. లామినేషన్ ఆ సూత్రానికి పూర్తి విరుద్ధం.

దుకాణదారుడొక్కడే ఈ పని చేశాడనుకుంటే పొరపాటు. ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో ప్రపంచమంతటా అభిలేఖాగారాలు పెళుసైన పత్రాలను సెల్యులోజు అసిటేటు పొరలతో అతికించాయి. యంత్రాలు లేనిచోట అసిటోన్‌తో చేత్తోనే అతికించే పద్ధతిని మన దేశంలోనే రూపొందించారు. నాడు అది ఉత్తమ శాస్త్రం. నేడు పాత సినిమా రీళ్లు వెనిగర్ వాసన కొడుతూ ముడుచుకుపోవడానికి కారణం ఆ సెల్యులోజు అసిటేటే అని తెలిసింది. గత తరం నిపుణులను నిందించడానికి కాదు ఈ ప్రస్తావన. నిపుణులే పొరబడగలిగిన రంగంలో, పరీక్ష లేకుండా లేబుల్ చూసి కొనే మనకు ఎంత జాగ్రత్త కావాలో చెప్పడానికి.

లామినేషన్‌తో న్యాయపరమైన నష్టం కూడా ఉంది. ముప్పై ఏళ్లు నిండిన పత్రం సరైన స్వాధీనం నుంచి వచ్చినట్లయితే, అందులోని సంతకం, దస్తూరీ వాస్తవమైనవని న్యాయస్థానం భావించవచ్చు. 1872 నాటి సాక్ష్య చట్టంలోని 90వ సెక్షను ఈ వెసులుబాటు ఇచ్చింది. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలో 92వ సెక్షనుగా అది కొనసాగుతోంది. జాగీర్ల రద్దు జరిగిన 1949 తరువాత కూడా భూమి హక్కుల తగాదాలు తెగని నగరంలో ఒక పాత కాగితం ఒక కుటుంబపు నీడను నిలబెట్టగలదు. సిరా కాగితంలోకి దిగిందా, మొహరు ఒత్తిడి వెనక వైపు కనిపిస్తోందా, కాగితం ఏ కాలానిది అని పరీక్షించవలసిన రోజున ప్లాస్టిక్ పొర అడ్డు నిలుస్తుంది. కాపాడాలని చేసిన పని సాక్షి నోరు నొక్కుతుంది.

అభ్యంతరాలు – సమాధానాలు

మొదటి అభ్యంతరం: డిజిటల్ నకలు తీశాక మూలం నశిస్తే మాత్రమేమి? 2025లో కేంద్రం ప్రకటించిన జ్ఞానభారతం కార్యక్రమం కోటికి పైగా వ్రాతప్రతులను సర్వే చేసి, నకలు తీసి, పరిరక్షించాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఇది స్వాగతించదగినది. నకలు చదువరిని మూలం దగ్గరికి మాటిమాటికీ పోనివ్వదు, ఆ మేరకు మూలాన్ని కాపాడుతుంది. కానీ నకలులో కాగితపు నార లేదు, సిరా స్వభావం లేదు, గీకివేత కింద మిగిలిన గాటు లేదు. పైన చెప్పిన చట్టపు వెసులుబాటు కోసం మూలమే చేతిలో ఉండాలి. నకలు తీసిన మర్నాడు మూలాన్ని మళ్లీ అదే పీవీసీ కవరులో పెడితే ఆ ఖర్చులో సగం వృథా.

రెండవ అభ్యంతరం: మన పూర్వులకు ఇవేమీ తెలియవు, అయినా కవిలెకట్టలు నిలవలేదా? నిలిచినవే మనకు కనిపిస్తున్నాయి, పోయినవి లెక్కలోకి రావు. అయితే ఈ అభ్యంతరంలో గ్రహించవలసిన సత్యం ఉంది. రెండు చెక్క పలకల మధ్య తాటాకులను బిగించి, నూలు గుడ్డ చుట్టి, ఏటా దులిపి నీడలో ఆరబెట్టిన పద్ధతి శాస్త్రసమ్మతమే. గుడ్డ తేమను బంధించదు, ఏటి దులుపుడు రామబాణపు పురుగునూ చెదనూ తొలిదశలోనే పట్టిస్తుంది. దఫ్తరాలను చుట్టిన బస్తా గుడ్డ కూడా అటువంటిదే. రంగు కారని, ఉతికి గంజి తీసిన ముతక నూలు గుడ్డను నేటికీ నిరభ్యంతరంగా వాడవచ్చు. కానీ సంప్రదాయం పేరుతో కలరా ఉండలు చల్లడం, ‘చేతి కాగితం’ అన్న మాట వినగానే పటిక పట్టించిందో లేదో చూడకుండా కొనడం సంప్రదాయం కాదు.

మూడవది డబ్బు. విదేశీ పెట్టె ఒక్కటి కొనే ధరతో స్థానికంగా ఎన్నో పెట్టెలు కట్టించవచ్చన్నది నిజమే. విదేశీ జాబితా చూసి సర్వం దిగుమతి చేసుకోమని నేను అనడం లేదు. చల్లని దేశాల కోసం వ్రాసిన సలహాలు ఇక్కడ యథాతథంగా చెల్లవు. వానాకాలపు తేమలో గాలాడని ప్లాస్టిక్ కవరు జిలాటిన్ పూతను తనకు అంటించుకుంటుంది కాబట్టి, గాజు పలకలకూ చాలా ఛాయాచిత్రాలకూ కాగితపు కవరే ఇక్కడ మేలు. ఛత్తాబజారు పనివాడికి పరీక్షించిన అట్ట ఇస్తే, లోహపు పిన్ను లేకుండా మడతలతో నిలబడే పెట్టెను అతడు కట్టగలడు. లోపం పనితనంలో లేదు, మనం ఇచ్చే అట్టలో ఉంది.

‘అతి తక్కువ ధర వారికే ఇవ్వాలన్న నిబంధన మా చేతులు కట్టేసింది’ అన్న మాట తరచు వినిపిస్తుంది. నిబంధన చెప్పేది, అడిగిన లక్షణాలున్న సరుకులో తక్కువ ధరది తీసుకోమని. లక్షణాలు వ్రాయని వాడికి లక్షణం లేని సరుకే వస్తుంది. దోషం నిబంధనది కాదు, కొనుగోలు పత్రం వ్రాసిన కలానిది.

కొనుగోలు పత్రంలో ఉండవలసినవి

ఒకటి, కాగితం, అట్టలకు పీహెచ్, క్షార నిల్వ, లిగ్నిన్ పరిమితి అంకెల్లో ఉండాలి. నీలి నకళ్లకు క్షారం కలపని కాగితం విడిగా అడగాలి.

రెండు, ఛాయాచిత్రాలను తాకే ప్రతి వస్తువుకూ – కవరు, అట్ట, జిగురు, సిరా ముద్ర – ఐఎస్ఓ 18916 పరీక్ష ధృవపత్రం కోరాలి.

మూడు, ప్లాస్టిక్ పేరు స్పష్టంగా వ్రాయాలి. ‘పారదర్శక కవరు’ అన్నది పేరు కాదు. పీవీసీ నిషిద్ధమని వ్రాయాలి.

నాలుగు, అంటుకునే టేపు, రబ్బరు బ్యాండు, ఇనుప పిన్ను, వేడి లామినేషన్ అసలు కొనుగోలు జాబితాలోనే ఉండకూడదు. మరమ్మతుకు గోధుమ పిండి నుంచి తీసిన పిండిపదార్థపు గంజి, పలుచని పొడవు నార కాగితం చాలు. ఆ గంజిని తడిపి విప్పవచ్చు.

ఐదు, సరుకు వచ్చిన రోజే ప్రతి విడత నుంచి ఒక ముక్క చింపి పరీక్షించాలి. మూసీ ఒడ్డున పాతనగరంలోనే ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో పరిరక్షణ ప్రయోగశాల ఉంది. విశ్వవిద్యాలయాల్లో రసాయన శాస్త్ర విభాగాలు ఉన్నాయి. తెలుగు, ఉర్దూ, చరిత్ర శాఖలు వీటితో చేయి కలిపి, స్థానికంగా దొరికే అట్టలు, కవర్ల పరీక్షా ఫలితాలను ఏటా ప్రకటిస్తే, ఇంట్లో నాలుగు ఫొటోలున్న గృహస్థుకూ అది ఉపయోగపడుతుంది.

ముగింపు

వరద వస్తే పత్రికలు వ్రాస్తాయి. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని గ్రంథాలు తడిసినప్పుడు నగరం బాధపడింది. అట్టపెట్టెలో జరిగే దహనానికి పొగ రాదు, చప్పుడు ఉండదు, వార్త ఉండదు. ముప్పై ఏళ్లకు ఒక పరిశోధకుడు కట్ట విప్పినప్పుడు పొడి రాలుతుంది. అప్పటికి కవరు కొన్న అధికారి పదవీ విరమణ చేసి ఉంటాడు.

ఎం.ఏ. తెలుగు పాఠ్యప్రణాళికలో గ్రంథ పరిష్కరణ పత్రం ఉన్న ప్రతిచోటా నిల్వ సామగ్రి పరీక్షను ఒక పాఠంగా చేర్చాలి. పరిశోధక విద్యార్థి తాను పనిచేసిన ప్రతి ఏ కవరులో, ఏ స్థితిలో ఉందో సిద్ధాంత గ్రంథంలో నమోదు చేయాలి. పాఠభేదాల పట్టిక ఎంత ముఖ్యమో ఆ నమోదూ అంతే ముఖ్యం. ఒక్క అక్షరం కోసం పది ప్రతులు తిరగేసే మనం, ఆ పది ప్రతులూ రేపటికి ఉండాలంటే ఒక అట్టముక్కను చింపి చూడడానికి వెనుకాడకూడదు.